ధూమము లేని వహ్ని

ఆంధ్రుడగు అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును చదువుకొన్నవారికి, కొండపై పొగను జూచి అచట నిప్పున్నదని యూహించుట సాధువే గాని, నిప్పున్నది గనుక పొగయు నుండితీరవలె ననుట హేత్వాభాస మని తెలియును. కాల్చిన యినుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. పొగకు హేతువు వహ్ని మాత్రమే కాదు, దానికి తడికట్టెతోడి సంయోగము కూడ కావలెను. నైయాయికులు దానినే ఉపాధి యనిరి. భగవద్గీత పదునెనిమిదవ యధ్యాయమునందో, కర్మను దోషము ఆవరించి యుండుటకు పొగ కమ్మిన యగ్నినే దృష్టాంతముగ గైకొనిరి. ఈ రెంటిని కలిపి చూచినచో ఒక ప్రశ్న పుట్టక మానదు: దోషము కర్మకు సహజమా, లేక ఇంధనమువలన వచ్చిన ఉపాధియా? ఇంధనమును మార్చినచో కర్మ నిర్దోష మగునా?

మల్కాజ్‌గిరి చెంతనున్న తార్నాకలో ఈ ప్రశ్నకు రసాయనశాస్త్రము తన సమాధానమును చూపును. ఒకవంక 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, మఱొకవంక 1944లో అంకురించిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. విద్యార్థి యెవడైనను నీటిలో రవంత ఆమ్లము కలిపి విద్యుత్తును పంపినచో, ఒక నాళికలో ప్రాణవాయువు, రెండవదానిలో దానికి రెండింతలు ఉదజని చేరును. ఆ ఉదజనికి మండుచున్న పుల్ల నందింపగా టప్పుమను చిన్న ప్రేలుడు. గాజుగోడ లోపల సన్నని నీటిచెమ్మ. మసి లేదు, బూడిద లేదు. ఏ నీటినుండి పుట్టినదో ఆ నీరే యైనది. సముద్రగర్భమున బడబాగ్ని యున్నదని పురాణములు చెప్పగా విని పెరిగిన మనకు ఇది మిక్కిలి హృద్యమైన దృశ్యము.

కొచ్చిన్ షిప్‌యార్డువారు కాశీలో గంగపై నడుపుటకు నిర్మించిన, ఏబదిమంది ప్రయాణికులు పట్టు హైడ్రోజన్ పడవను 2024 ఫిబ్రవరి 28న ప్రధానమంత్రి ప్రారంభించిరి. అందు జ్వాల సైతము లేదు. ఫ్యూయెల్ సెల్‌లో ఉదజని ప్రాణవాయువుతో గూడి విద్యుత్తును, నీటిని ఇచ్చును. ప్రపంచమున వెలువడు హరితగృహ వాయువులలో సుమారు మూడు శాతము నౌకలదే కాగా, 2050 ప్రాంతమునకు దానిని నికరముగ శూన్యము చేయవలెనని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2023లో సంకల్పించెను.

అయినను ఉదజని భూమిలో త్రవ్వితీయు బొగ్గు వంటిది కాదు, ఒకరు పుట్టింపవలసినది. నేటికిని లోకమున ఉత్పత్తియగు ఉదజనిలో అత్యధికభాగము సహజవాయువునుండియు బొగ్గునుండియు వచ్చుచున్నది. సహజవాయువునుండి ఒక కిలో ఉదజనిని తీయునపుడు సుమారు తొమ్మిది, పది కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అట్టి ఉదజనితో నడచు నౌక నిర్మలముగ సాగిపోవును, దాని పొగ మాత్రము మఱొక యూరి యాకాశమున నిలుచును. కర్మను ఋత్విజులు చేసినను ఫలము యజమానిదే యని మీమాంసకులు నిర్ణయించిరి. పుణ్యమునకు చెల్లిన న్యాయము పాపమునకేల చెల్లదు? నౌక నెక్కినవాడే యజమాని. ఎచట వెలువడినను ఆ పొగ వానిదే.

సౌరవిద్యుత్తుతో, పవనవిద్యుత్తుతో నీటిని విడదీసినచో తడికట్టె తొలగినట్లే. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ సంస్థ తలపెట్టిన హరిత హైడ్రోజన్ కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది; దినమునకు 1,500 టన్నుల ఉదజని లక్ష్యము. ఇది గొప్ప ప్రయత్నము, సఫలము కావలెనని నా హృదయపూర్వకమైన కోరిక. కాని కిలో ఉదజనికి తొమ్మిది కిలోల నీరు తప్పదు గనుక, దినమునకు 13,500 టన్నుల నీరు కనీసము కావలెను. అది సముద్రజలమును శుద్ధిచేసి తెచ్చినదైనచో, మిగిలిన చిక్కని యుప్పునీరు మరల ఏ తీరమున కలియును? పూడిమడక చేపలవేటతో బ్రతుకు గ్రామము. పొగ పోయినను శేషము పోలేదు. గీత చెప్పిన దోషము సన్నగిల్లినది, అంతియే. అది ప్రయత్నమును మానుటకు కారణము కాదు, లెక్కను దాచకుండుటకు కారణము.

కావున నౌకలకు శూన్య ఉద్గారములను బిరుద మిచ్చువారు ఆ ఉదజని ఏ విద్యుత్తుతో, ఏ నీటితో పుట్టినదో, మిగిలినది ఎచట పారబోసిరో వ్రాసి ప్రకటింపవలెను. ఆ పత్రమును చూడనిదే ఆ బిరుదమును మనము అంగీకరింపకుందుము గాక.