గోరు నేనా, నాదా?

హిరణ్యకశిపుడి వరంలోని చిక్కుముడిని విప్పింది గోరు. ప్రాణమున్నదానివల్లా లేనిదానివల్లా చావు రాకూడదని కోరినవాడికి నరసింహస్వామి గోళ్లే ఆయుధాలయ్యాయి. గోరు బతికుందో లేదో తేల్చలేని ఈ సందిగ్ధాన్ని శరీరశాస్త్రమూ కాదనదు. పైకి కనబడే పలక కెరాటిన్‌తో కట్టిన నిర్జీవ పదార్థం, కత్తిరిస్తే నొప్పి లేదు. చర్మం కింద, గోటి మొదట్లో ఉన్న కణాలు మాత్రం సజీవం. చేతిగోటిని నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకు నెట్టేవి అవే. ఆత్మ గోటికొనల దాకా దేహంలో ప్రవేశించిందని బృహదారణ్యకోపనిషత్తు చెబుతుంది. మరి కత్తిరించి పారేసిన ముక్క మాటేమిటి? అది నేను కాదు, అలాగని నిన్నటిదాకా పరాయిదీ కాదు. గోరు మనకు అప్పగించిన సొత్తు అనుకుంటే సరిపోతుంది. అప్పగింతకు పూచీ పడాలి, మోహపడక్కర్లేదు.

హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పెరిగిన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వీధుల్లో ఆ పూచీ ఎక్కువగా నిర్జీవమైన పలక మీదే ఖర్చవుతోంది. అందం కోసం సెలూన్లో క్యూటికల్‌ను కత్తిరిస్తే గోటి మొదటికి కాపలా పోతుంది, సూక్ష్మజీవులు చేరితే గోరుచుట్టు లేస్తుంది. తిండి సంగతి ఇంకా లోతైనది. ఐరన్ బాగా తగ్గితే గోరు చెంచాలా గుంటపడవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతానికి రక్తహీనత ఉంది. దానికి ఐరన్ లోపం ఒక్కటే కారణం కాదు గానీ, పెద్ద కారణమే. పప్పూ తోటకూరా తిని, వెంటనే ఆఫీసు టీ తాగితే వాటిలోని ఐరన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. నిమ్మకాయ పిండుకుంటే పెరుగుతుంది. బయోటిన్ అనే విటమిన్ లోపం లేనివారికి బయోటిన్ గమ్మీలవల్ల గోళ్లు బలపడతాయనడానికి ఆధారాలు బలహీనం. పైగా థైరాయిడ్ వంటి కొన్ని రక్తపరీక్షల ఫలితాలను అవి తారుమారు చేయగలవు.

నశించే దేహానికి ఇంత శ్రద్ధ దేనికని వైరాగ్యం అడగవచ్చు. ఆ ప్రశ్న గోటి రంగుకు తగులుతుంది, శుభ్రతకు తగలదు. ఇదే నగరంలో నమాజుకు ముందు నీటితో వజూ (శుద్ధి) చేసే ముస్లిం, నీరు గోటికి తాకాలి గనుక పాలిష్ పొర అడ్డమంటాడు. గోళ్లు తీసుకోవడం అతని సంప్రదాయంలో శుచి. చీకటిపడ్డాక గోళ్లు తీయరాదనే మన ఇళ్ల నియమం గుడ్డిదీపాల కాలంలో వేలికి రక్ష అయివుండాలి. రాత్రంతా అమెరికా వేళల్లో ట్యూబులైట్ల కింద పనిచేసేవారికి ఆ భయం లేదు, కాబట్టి ఆ నియమాన్ని నిస్సంకోచంగా వదిలేయవచ్చు. గోరు గుంటపడితే మాత్రం పాలిష్‌తో కప్పకండి. ముందు డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష చేయించుకోండి.