పాత తూటా, విశేషధర్మము

ధర్మమును మన పెద్దలు రెండు తెఱగులుగా విభజించి చెప్పిరి. సత్యము, అహింస, అస్తేయము, శౌచము, ఇంద్రియనిగ్రహము వంటివి మనుష్యమాత్రునకెల్ల వర్తించు సామాన్యధర్మములు. ఒక్కొక్కని శక్తిని, స్థితిని, పూనికను బట్టి వానికి మాత్రమే చెల్లునవి విశేషధర్మములు. ఇంతవఱకు తగవు లేదు. లోకమునకంతకును ఏర్పఱచిన హద్దు తనకు మిక్కిలి కుఱుచయని, దానిని దాటినను తన బలము చెడదని నిశ్చయముగా ఎఱిగినవాడొకడు దానిని దాటవచ్చునా, దాటినచో అది స్వధర్మమగునా అహంకారమగునా యన్నచోటనే తగవు పుట్టును. ఈ ప్రశ్నపై పండితులు చేసిన చర్చలు కొన్ని చదివితిని గాని, దాని కొస నాకు చిక్కినట్లు తోచినది ఒక పాత తూటా చరిత్రను తెలిసికొన్న పిదపనే.

ఆ తూటా పేరు 7×57 మౌజర్. తుపాకి గొట్టము లోపలి కొలత ఏడు మిల్లీమీటర్లు, తూటా ఇత్తడి కోశపు పొడవు ఏబదియేడు మిల్లీమీటర్లు అని ఆ అంకెల కర్థము. జర్మనీలో మౌజర్ కర్మాగారమువారు 1892 ప్రాంతమున దీనిని రూపొందించిరి. 1893లో స్పెయిన్ తన సైన్యమునకు స్వీకరించెను. దక్షిణాఫ్రికాలో 1899 నుండి 1902 వఱకు బ్రిటిషువారితో పోరాడిన బోయర్ రైతుల చేతులలో ఉన్న మౌజర్ రైఫిళ్లు ఈ కొలతవే. ఇంగ్లండులో రిగ్బీ కంపెనీవారు దీనికే .275 అను పేరు పెట్టి వేటరైఫిళ్లు చేసిరి. చంపావత్‌లో నరమాంసమునకు మరగిన ఆడుపులిని 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు ఆ ప్రాంతపు లెఫ్టినెంట్ గవర్నరు సర్ జె. పి. హ్యూయెట్ బహూకరించిన రైఫిలు ఆ రిగ్బీయే.

నూటముప్పది యేండ్లుగా తూటా కొలత మాఱలేదు. దానిని ఇముడ్చుకొను ఉక్కు మాత్రము మాఱినది. 1893 నాటి మౌజర్ రైఫిలులో పేలుడు వేళ బోల్టును పట్టి నిలుపునవి ముందువైపు రెండు కొమ్ములే. 1898 నాటి నమూనాలో రక్షణ కొఱకు వెనుకవైపు మూడవదానిని చేర్చిరి. నేటి బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల ఉక్కు ఆనాటి ఉక్కుకన్న ఎన్నో మెట్లు పైది. అయినను అమెరికా తూటాల పరిశ్రమ పాటించు ప్రమాణము ఈ తూటా పీడనమును చదరపు అంగుళమునకు 51,000 పౌనులు దాటనీయదు. ఐరోపా ప్రమాణము 3,900 బార్‌ల వఱకు, అనగా ఇంచుమించు 56,500 పౌనుల వఱకు పోనిచ్చును. అమెరికావారి సంకోచమునకు కారణము తెలిసినదే. తాతముత్తాతల నాటి రైఫిళ్లు ఆ దేశమున అటకలమీదను అలమారలలోను ఇంకను ఉన్నవి. అంగడిలో డబ్బా కొన్నవాడు ఆ తూటాను ఏ రైఫిలులో పెట్టునో చేసినవానికి తెలియదు. తెలియనప్పుడు మిక్కిలి బలహీనమైన దానిని దృష్టియందుంచుకొని చేయవలసినదే. సామాన్యధర్మము యొక్క హృదయము ఇదియేయని నా తలంపు. అది బలవంతుని శక్తిని కొంత వృథా చేయును, నిజమే. ఆ వృథాయే బలహీనుని కన్నులను, వ్రేళ్లను, ప్రాణమును కాపాడుచున్నది.

చేతితో తూటాలు నింపుకొనువారు ఈ కట్టడికి లోబడనివారు. నాచారము పారిశ్రామికవాడలో చిరకాలము లేతు పని చేసిన మా బావగారి కుమారుడు టెక్సాస్‌లో స్థిరపడి, అక్కడి చట్టము అనుమతించుటచేత ఈ పనిని అభ్యసించెను. నేనాతని యింటికి పోయినప్పుడు గరాజులోని బల్లయొద్ద కూర్చుండి చూచితిని. ఒకమాఱు పేలిన ఇత్తడి కోశములను ఒక్కొక్కటిగా దీపము చెంతకు తీసి మూతివద్ద చీలిక యున్నదేమోయని పరిశీలించును. పిదప కొస వంచిన సన్నని తీగను లోపలికి దింపి గోడను గీరుచు పైకి లాగును. అడుగునకు కొంచెము పైన ఆ తీగకొన ఏ పల్లములోనైన తగిలి నిలిచినచో అక్కడ ఇత్తడి లోలోపల పలుచబడినదని గుర్తు. కంటికి బయటనుండి ఏమియు కానరాని అట్టి కోశమును పట్టకారుతో నొక్కి, మరల ఎవరును నింపుటకు వీలులేకుండ చెడగొట్టి, వేఱుగా పడవేయును. మంచివాటికి మాత్రమే క్రొత్త ప్రైమర్ అమర్చి, మందును గ్రెయినులో పదవవంతు వఱకు తూచును. గ్రెయిను అనగా 65 మిల్లీగ్రాములకు ఒకింత తక్కువ.

"మామయ్యా, కంపెనీవాడు అందరి కోసం చేస్తడు. నాది ఏ తుపాకో నాకు ఎరుకే గద, నేను దాని ఒక్కదాని కోసం చేసుకుంటున్న" అని ఆతడు పలికెను.

"మరి ఎంతవరకు పోతవు రా?" అని నేనడిగితిని.

"యూరపోళ్లు గీసిన గీత దాట. కింది నుంచి మెల్లగ పైకి పోత. ఒక్కో మెట్టు కాడ ఆగి ఇత్తడి ఏం చెప్తదో చూస్కుంట. అది వద్దంటే ఆడికే బంద్."

ఆతని మాట నాకు గీతార్థముకన్న భిన్నముగా తోచలేదు. స్వధర్మమును ఆచరింపుమని భగవానుడు చెప్పినప్పుడు తన కొలతను తానెఱిగినవానినే ఉద్దేశించి చెప్పెను. ఆ ఎఱుక ఊహవలన రాదు, క్రిందిమెట్టునుండి ఎక్కుచు, ప్రతిమెట్టునను పరీక్షించుకొనుచు, వద్దన్నచోట నిలిచిపోవువానికి మాత్రమే వచ్చును. నాకు ప్రత్యేకనియమము చెల్లునని వాదించువారిని లోకములో నిత్యము చూచుచున్నాము. వారిలో తమ ఇత్తడిని దీపము చెంతకు తీసి చూచుకొన్నవారెందఱు? పరీక్ష లేని విశేషధర్మము కోరికకు తొడిగిన ముసుగు.

అయితే పరీక్ష ఒక్కటియే చాలునా? చాలదని నాకు తోచినది. పీడనమెక్కువగల ఆ తూటా, అంగడి తూటా చూపులకు కవలలు. ఇత్తడి నోరు విప్పి చెప్పదు. ఆతని డబ్బానుండి ఒక తూటా జాఱి మఱియొకని తాతగారి 1893 రైఫిలులోనికి పోయినదనుకొందము: ఇక్కడ స్వధర్మముగా ఉన్నదే అక్కడ మారణమగును. పరధర్మము భయావహమన్న గీతావాక్యమును ఇతరుల ధర్మమును మనము చేపట్టరాదని మాత్రమే సాధారణముగా గ్రహింతుము. మన ధర్మము పరుల చేతికి పోయినప్పుడు వారికి అదియును పరధర్మమే గదా! మా బావగారు తమ కార్ఖానాలో ఇరుసును, దాని బేరింగును ఒకదానికొకటి సరిపోవునట్లు చేతితో సానబట్టి జతపఱచినప్పుడు, రెండింటిమీదను ఒకే అంకె పోటు వేసి తీగతో కలిపి కట్టి గాని బల్లమీదనుండి కదలనిచ్చువారు కారు. జత చెదరినచో రెండును పనికిరావని వారి నియమము. కొలతపుస్తకము ప్రకారము చేసిన భాగమునకు ఆ తీగతో పనిలేదు, ఎవరి యంత్రములోనైన ఇమిడిపోవును. విశేషముగా చేసినదానికే కట్టు కావలెను.

భారతము సౌప్తికపర్వములో ఈ సంగతి ఇంతకన్న భయంకరముగా చెప్పబడినది. ద్రోణుడు బ్రహ్మశిరోనామకాస్త్రమును అర్జునునకు ప్రీతితో నిచ్చెను. తనకును కావలెనని కొడుకు అశ్వత్థామ పట్టుబట్టగా, వాని చాపల్యమెఱిగియు, మనస్సొప్పకయే ఇచ్చి, ఎంతటి ఆపదలోనైన మనుష్యులపై ప్రయోగింపవలదని శాసించెను. అస్త్రమొక్కటియే, మంత్రమొక్కటియే, గురువొక్కడే. యుద్ధాంతమున అశ్వత్థామ ఒక గడ్డిపోచయందు దానిని ఆవాహన చేసి పాండవవంశనాశనమునకు విడువగా అర్జునుడు దానికెదురుగా అదే అస్త్రమును విడిచెను. వ్యాసనారదులు ఆ రెండు తేజస్సుల నడుమ వచ్చి నిలిచిరి. అప్పుడు అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరింపగలిగెను. అశ్వత్థామకు అది చేతకాక, దానిని పాండవస్త్రీల గర్భములపైకి మరలించెను. విడువగల శక్తి ఇద్దఱికిని సమానమే. అధికారమన్నది మరలింపగల శక్తియందున్నదని వ్యాసభగవానుని తాత్పర్యము. అదే అశ్వత్థామ అంతకుముందు ద్వారకకు పోయి, తన అస్త్రమునకు బదులుగా చక్రమునిమ్మని కృష్ణునడుగగా, తీసికొమ్మని ఆయన అనుటయు, ఎడమచేతను కుడిచేతను ఎత్తబోయి కదల్పలేకపోవుటయు అక్కడనే చెప్పబడినవి. చక్రమును అడిగినవానిని ఎత్తి చూపుమన్న కృష్ణుడు, పరీక్షింపకయే ఇచ్చిన ద్రోణునికన్న మంచి గురువు. కర్ణుని కథయు ఈ కోవలోనిదే. పరశురామునితో బొంకి సంపాదించిన అస్త్రవిద్య ఆ గురువు శాపమువలన వేళకు స్ఫురింపకపోయెను. నందమూరి తారకరామారావు దానవీరశూరకర్ణ చిత్రమును తీసి 1977 సంక్రాంతికి విడుదల చేసినది మొదలు తెలుగువారికి కర్ణుని శౌర్యము మీదను దానము మీదను ఉన్న మక్కువ ఆ శాపముమీద నిలువలేదు. నిలువవలసినంత గంభీరమైన ఘట్టమది.

తూటాల చరిత్రలోనే విశేషధర్మమును వికృతపఱచిన ఉదాహరణమొకటి గలదు, అది మన గడ్డమీద జరిగినది. కలకత్తా చెంతనున్న డమ్‌డమ్ ఆయుధాగారములో 1890ల చివర, బ్రిటిషు సైన్యపు .303 తూటాకు మొన మెత్తగా విడిచిన గుండును తయారుచేసిరి. శరీరములో తగిలినంతనే అది విచ్చుకొని ఘోరమైన గాయము చేయును. 1899లో హేగ్ నగర సమావేశమున ఐరోపా రాజ్యములు దానిని నిషేధింపబూనగా, సరిహద్దు జాతులవారు నాగరకులవలె గాయపడి ఆగరు, మీదికి వచ్చుచునే యుందురు, కావున వారికి వేఱు గుండు అవసరమని బ్రిటిషు ప్రతినిధి వాదించెను. నిషేధము నెగ్గినది, బ్రిటన్ దానికి 1907లో గాని అంగీకరింపలేదు. ఆ వాదమును చదివినప్పుడెల్ల నాకు కోపము కలుగుచునే యుండును. విశేషధర్మము చెప్పుకొనువాడు దాని భారమును తన మీద వేసికొనవలెను. వారు దానిని ఎదుటివాని దేహముమీద వేసిరి. గరాజులోని ఆ కుఱ్ఱవాని లెక్క తప్పినచో పగులునది వాని చెంపప్రక్కనున్న వాని రైఫిలే. ఈ భేదము చిన్నది కాదు.

ఆయుధముతో ధర్మచర్చ ఏల, అహింసయే తుదిమాట కాదా యని అడుగువారికి నేను ఎదురు చెప్పలేను. ఉప్పల్ మీదుగా ఓరుగల్లుకు పోవు బాటలో ఆలేరు చెంతనున్న కొలనుపాక జైనక్షేత్రమునకు పోయి వచ్చినవాడెవడును ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయలేడు. బుద్ధభగవానుడు ఉపాసకునకు నిషేధించిన ఐదు వర్తకములలో మొదట లెక్కించినది శస్త్రవర్తకమే. ప్రాణులు, మాంసము, మద్యము, విషము దాని వెనుక వచ్చును. వీటన్నింటియందును అమ్మినవాని చేయి విడిచినపిమ్మట వస్తువు ఎచ్చటికి పోవునో అమ్మినవాని వశమున లేదు. ఈ దృష్టితో చూచినచో, తన తూటాను అమ్మక, ఎవరికిని ఈయక, గుఱిపలకపై తానే కాల్చుకొనువాడు ఆ నిషేధపు అంచున, లోపలివైపు కాక వెలుపలివైపు, నిలిచియున్నాడని చెప్పవచ్చును. అంచుననే, దూరముగా కాదు.

మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము లైసెన్సు లేక తూటా తయారుచేయుటనే నిషేధించినది. సైన్యపు .303 కొలత పౌరులకు నిషిద్ధము గనుక ప్రభుత్వ కర్మాగారములు వారికొఱకు .315 రైఫిలును చేసినవి. దానికి అంగడిలో దొరకు తూటాయే గతి. ఉప్పల్ మొదలు నాచారము దాక గోడకు గోడ ఆనుకొని, క్రింద దుకాణము, పైన సంసారము, ఆపైన అద్దెకున్నవారు నివసించు వాడలలో ఒక గదిలో మందు నిలువచేయుట ఒక్కనికి సంబంధించిన సంగతి కానేరదు. అక్కడ విశేషధర్మమునకు చోటు లేదని చట్టము తీర్పు చెప్పినది, ఆ తీర్పు నాకు సమ్మతము. టెక్సాస్‌లో ఊరికి దూరమున, ఎకరముల నడుమనున్న యింటిలో చెల్లినది ఇక్కడ చెల్లదని మా మేనల్లుడును ఒప్పుకొనెను.

నేను వానిని కడపట అడిగినది ఒక్కటే: వాడు ఆకస్మికముగా పోయినచో ఆ డబ్బాలు ఏమగును? ఇతరుడు నింపిన తూటాను కాల్చరాదని ఆ పనివారిలో పెద్దలు చెప్పుదురట. యజమాని లేని వాటిని విప్పి మందును, గుండును వేఱుచేయవలెనట. ప్రతిడబ్బా మీదను రైఫిలు అంకె, తేదీ, ఇతర రైఫిళ్లలో వాడరాదన్న హెచ్చరిక వ్రాసి యుంచితినని వాడు చూపెను. వ్రాత చదువని మనుమడుండవచ్చును, డబ్బా మాఱవచ్చును అని నేనంటిని. వాడు కొంతసేపాలోచించి, ఆ నెలనుండి పద్ధతి మార్చుకొనెను: తరువాతి ఆదివారము రేంజిలో కాల్పదలచిన లెక్కకు మించి ఒక్కటియు నింపడు, కాల్పగా మిగిలినవాటిని ఆ రాత్రియే విప్పివేయును.