బంతి తగిలిన కుక్క ఎవరి బాధ్యత?

సందేహం: మా ఊళ్ళో బడికి సెలవులిస్తే పిల్లకాయలు ఖాళీ కయ్యల్లో క్రికెట్ ఆడతారు. మొన్న ఒకడు గట్టిగా కొట్టిన బంతి, గట్టు మీద పడుకున్న వీధికుక్క కాలికి తగిలింది. అప్పటినుంచి అది కుంటుతోంది. కావాలని కొట్టింది కాదు గదా, వదిలేయండని కొందరు అంటున్నారు. కుక్కను కొట్టిన పాపం ఊరికే పోదు, గుళ్ళో ఏదైనా పరిహారం చేయించండని మరికొందరు అంటున్నారు. ఆ కుక్కకు యజమాని కూడా లేడు. ఇంతకూ బాధ్యత ఎవరిది?
— ఒక పాఠకుడు, కలకడ

సమాధానం: మీ ఊరివారి మాటల్లో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. పిల్లవాడికి పాపం అంటుతుందా అన్నది ఒకటి. కుక్క కాలు ఎవరు బాగుచేయించాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు మనసును బట్టి ఉంటుంది. రెండోదానికి మనసుతో పని లేదు, కాలు విరిగిందా లేదా అన్నదే ముఖ్యం. బంతి తగలడం ఎవరూ అనుకోనిది, నిజమే. తగిలిన తర్వాత అక్కడ నిలబడ్డామా, ఆట ముగించుకుని ఇంటికి పోయామా అన్నది మాత్రం అనుకోకుండా జరిగేది కాదు. అది మనం ఎంచుకుని చేసే పని. శాస్త్రాలూ ఇతిహాసాలూ మనల్ని నిలదీసేది అక్కడే.

దశరథుడి కథే చూడండి. అయోధ్యకాండలో ఆయన కౌసల్యకు చెప్పుకున్న ప్రకారం, వానాకాలంలో ఒక రాత్రి సరయూ తీరానికి వెళ్ళింది ఆకలి తీర్చుకోవడానికి కాదు, వ్యాయామం కోసం, అంటే ఇప్పటి మాటలో ఆటకే. కుండ మునుగుతున్న బుడబుడ శబ్దం విని ఏనుగనుకుని బాణం వేశాడు. అది మునికుమారుడికి తగిలింది. చీకటి, చుట్టూ ఎవరూ లేరు. తప్పుకుని పోయి ఉంటే అడిగేవారు లేరు. ఆయన అదే కుండలో నీళ్ళు తీసుకుని గుడ్డివారైన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళి, జరిగింది తన నోటితోనే చెప్పాడు. నీవే వచ్చి చెప్పకపోయి ఉంటే నీ తల లక్ష ముక్కలయ్యేదని ఆ తండ్రి అన్నట్టు వాల్మీకి రాశాడు. పుత్రశోకం తప్పలేదు గానీ, తెలియక చేశాడన్నదీ, వచ్చి చెప్పాడన్నదీ రెండూ లెక్కలోకి వచ్చాయి.

దీనికి పక్కనే భారతంలోని సరమ కథను పెట్టి చూడాలి. కురుక్షేత్రంలో జనమేజయుడు యాగం చేస్తుండగా దేవతల కుక్క సరమ కొడుకు సారమేయుడు అటు వచ్చాడు. రాజు తమ్ముళ్ళు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. సరమ వెంటనే శపించలేదు. ముందు కొడుకునే అడిగింది, నువ్వేదో తప్పు చేసి ఉంటావని. నేను హవిస్సు వంక చూడనూ లేదు, నాకనూ లేదని అది చెప్పింది. అప్పుడు యాగశాలకు వచ్చి, నా కొడుకు ఏం చేశాడని కొట్టారని అడిగింది. సంస్కృత భారతంలో ఇక్కడ ఒక చిన్న వాక్యం ఉంది: వారు ఏమీ మాట్లాడలేదని. శాపం వచ్చింది ఆ మౌనం తర్వాతే. నన్నయ ఈ ఘట్టంలో సరమ నోట పలికించిన పద్యం మన బడిపిల్లలకు చిరకాలంగా పరిచయమే. మంచిచెడ్డలు ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవారికి కారణం తెలియని భయాలు వస్తాయన్నది దాని సారం. వాళ్ళు కావాలని కొట్టారు, మీ పిల్లలు కొట్టలేదు. ఆ తేడా పెద్దదే. కానీ నా కొడుకు ఏం చేశాడన్న ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే. కుక్క అడగలేదు గనుక ఆ ప్రశ్న లేకుండా పోదు.

కథలు సరే, ధర్మశాస్త్రం ఏమంటుందని అడగవచ్చు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల లెక్క ఉంది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసో చక్రమో విరిగినా, తోలేవాడు తప్పుకోండని కేక వేసినా, జరిగిన హానికి దండన లేదు. ఆ కేకను గమనించండి. ముందే హెచ్చరించినవాడిని విడిచిపెట్టింది శాస్త్రం. పిల్లలు బంతి వేసేముందు గట్టు మీది కుక్కను ఒకసారి అదిలించి ఉంటే ఈ సందేహమే వచ్చేది కాదు. అదే అధ్యాయంలో అంతకు ముందు, అవయవానికి దెబ్బ తగిలి గాయమో నెత్తురో అయితే కోలుకునేదాకా అయ్యే ఖర్చు కొట్టినవాడే ఇవ్వాలని ఉంది. దానికి సముత్థాన వ్యయమని పేరు. సముత్థానమంటే మళ్ళీ లేచి నిలబడటం. ఈ మాట చెప్పే సందర్భంలో మనుషులతో పాటు పశువుల పేరూ ఎత్తింది స్మృతి. మరొకరి వస్తువును పాడుచేసినప్పుడు తెలిసి చేసినా తెలియక చేసినా తృప్తిపరచాల్సిందేనని ఆ వెంటనే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వచ్చినా న్యాయమే. అదే మనువు బండి కింద కుక్క చస్తే ఒక్క మాషం జరిమానా చాలన్నాడు, గాడిదకూ మేకకూ అయిదు మాషాలన్నాడు, అంటే కుక్క ప్రాణానికి అంతే విలువ గదా అని. అది రాజు ఖజానాకు కట్టే సొమ్ము లెక్క. ఆనాటి సమాజం కుక్కను తక్కువగా చూసిందన్న మాట దాచనక్కరలేదు. అయితే దెబ్బల విషయంలో అదే స్మృతి కొలబద్ద మార్చింది: ఎంత నొప్పి పెడితే అంత దండన. విరిగిన కాలి నొప్పి ఆవుకు ఒకలా, కుక్కకు ఒకలా ఉండదు.

కుక్కే దారికి అడ్డొచ్చింది, పైగా యజమాని లేడు అంటారా? ఉత్తరకాండలోని ప్రక్షిప్త సర్గల్లో సర్వార్థసిద్ధుడనే బ్రాహ్మణుడు రాముడి ముందు చెప్పుకున్నది సరిగ్గా ఇదే. దారిలో ఉంది, పొమ్మంటే మెల్లగా కదిలింది, ఆకలి మీద ఉండి కొట్టానన్నాడు. ఆ కొలువులో ఫిర్యాది యజమాని కాదు, తల పగిలిన కుక్కే. రాముడు దాన్ని లోపలికి పిలిపించి విన్నాడు, తప్పు బ్రాహ్మణుడిదేనని తేల్చాడు. ఇక అడ్డు రావడమంటారా, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కకు శస్త్రచికిత్స చేసి తిరిగి పట్టిన చోటే వదలాలి. ఆ గట్టు దాని ఇల్లు. ఆడటానికి వెళ్ళింది పిల్లలు.

ఇక పిల్లల సంగతి. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చి ఆడుకున్నందుకు మాండవ్యుడికి కొరత శిక్ష పడింది. ఇంత చిన్న తప్పుకు అంత శిక్షా అని ఆయన యముణ్ణే శపించి, 14 ఏళ్ళ లోపు చేసినదానికి పాపం లేదని హద్దు పెట్టాడు. నేటి చట్టం కూడా ఆ దారిలోనే ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా 5 ఏళ్ళ దాకా శిక్ష అంటుంది. కానీ దానికి ఉద్దేశమో, హాని జరుగుతుందన్న ఎరుకో ఉండాలి. 7 ఏళ్ళ లోపు పిల్లల పనిని నేరంగానే లెక్కించదు. కాబట్టి మీ పిల్లలను పాపులని భయపెట్టకండి. ఖర్చు మాత్రం కొట్టినవాడి ఇంటి మీదే వేయకండి. బంతి వేసినవాడు, కొట్టినవాడు, కేకలేసి సంబరపడినవాడు, అందరి ఆటా అది. ఆడిన పిల్లలందరి ఇళ్ళవారూ పంచుకోవడమే న్యాయం.

పరిహారం గురించి అడిగారు. స్మృతులు కుక్క విషయంలో చెప్పిన ప్రాయశ్చిత్తం చంపినప్పటిది. మీ కుక్క బతికే ఉంది. సరమ శాపం విన్న జనమేజయుడు దాన్ని పోగొట్టగల పురోహితుడి కోసం వెతికి, సోమశ్రవసుణ్ణి తెచ్చుకున్నాడు. దెబ్బలు తిన్న సారమేయుడి దగ్గరికి ఎవరైనా వెళ్ళినట్టు మాత్రం కథలో ఎక్కడా లేదు. మీరు ఆ పని చేయండి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. లేదంటే పశువుల ఆసుపత్రికి మీరే తీసుకెళ్ళండి. నొప్పితో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది, పిల్లల చేత పట్టించకండి. పెద్దవారు మెత్తని గుడ్డతో దాని మూతి వదులుగా కట్టి, గోనెసంచి మీదికి జరిపి నలుగురు నాలుగు మూలలా ఎత్తాలి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయకండి, మనకు పనికొచ్చేవి కుక్కకు విషం కావచ్చు. కరిస్తే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకాకు వెళ్ళండి. కట్టు కట్టించి తెచ్చాక, అది కాలు మోపేదాకా పూటపూటా అన్నం, నీళ్ళు దాని ముందు పెట్టే పని పిల్లలకు వంతులు వేసి అప్పగించండి. మొదటి వంతు ఆ బంతి కొట్టినవాడిది.