నాణేల పరీక్షలో ఆప్తవాక్యం

ఒక వస్తువు సంగతిని తన కంటితో చూసి తేల్చుకోలేనివాడు, తెలిసినవాడు చెప్పిన మాటను నమ్మి, అలా కలిగిన నమ్మకాన్ని జ్ఞానమని చెప్పుకోవచ్చునా అన్నది భారతీయ దర్శనాలలో శబ్దప్రమాణ చర్చగా ప్రసిద్ధమైన ప్రశ్న. నమ్మదగిన మాట చెప్పేవానిని న్యాయదర్శనం అనుసరించే నైయాయికులు ఆప్తుడన్నారు. చర్చ ఎక్కువగా వేదప్రామాణ్యం చుట్టూ నడిచినందువల్ల దీనికి లోకవ్యవహారంతో పనిలేదని కొందరు భావిస్తారు గాని, వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఆప్తుని లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని తేల్చిచెప్పాడు. కనుక అమెరికాలో పాత నాణేలు సేకరించేవారు వాటిని ఊళ్లోని వర్తకుని చేతికిచ్చి, అతని ద్వారా గ్రేడింగ్ సంస్థకు పంపి, ఆ సంస్థ వేసిన అంకెను ప్రమాణంగా స్వీకరించే ఆచారాన్ని ఈ చర్చ వెలుగులో పరిశీలించడం అసంగతం కాదు.

గ్రేడింగ్ అంటే నాణెం అసలుదో నకిలీదో నిర్ణయించి, అసలుదైతే అది ఎంత అరిగిందో, ఎన్ని గాట్లు పడ్డాయో, టంకశాలనాటి మెరుగు ఎంత మిగిలిందో చూసి, 1 నుంచి 70 వరకు ఒక అంకె కేటాయించడం. ఈ కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ తొలినాటి పెద్ద రాగి సెంట్ల కోసం కట్టాడు. అట్టడుగు స్థితిలో ఒక డాలరు పలికే నాణెం పరిపూర్ణ స్థితిలో 70 డాలర్లు పలకాలన్నది అతని లెక్క. ధరలు ఆ లెక్కను విడిచి ఎటో పోయాయి, అంకెలు మాత్రం నిలిచాయి. 1986లో పి.సి.జి.ఎస్., మరుసటి ఏడు ఎన్.జి.సి. సంస్థలు నాణేన్ని పరీక్షించి, స్లాబ్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో బిగించి, అంకె ముద్రించిన చీటీతో తిరిగి పంపే పద్ధతిని స్థిరపరిచాయి. సభ్యత్వం తీసుకుని నేరుగా పంపే వీలున్నా, చాలామంది ఆ సంస్థల గుర్తింపు పొందిన వర్తకుని దుకాణానికే వెళతారు. ఫారం నింపడం, విలువ ప్రకటించడం, రుసుము తరగతి ఎంచడం, బీమా చేసి పంపడం అతని పని.

ఆ అంకె వేసే కన్ను ఎటువంటిదో ముందు చూడాలి. 1878లో మొదలైన మోర్గాన్ వెండి డాలరును గ్రేడరు అంచులతో పట్టుకుని దీపం కింద మెల్లగా వంచుతాడు. ముద్ర పడే వేళ లోహం పారినందువల్ల ఏర్పడిన అతి సన్నని గీతల మీద వెలుగు బండిచక్రపు ఆకుల్లా తిరుగుతుంది. ఆ తిరుగుడు ఎక్కడ తెగితే అక్కడ అరుగుదలో, ఎవరో తుడిచిన జాడో ఉందని అనుమానించాలి. ముందువైపు ముద్రించిన స్వేచ్ఛాదేవి ముఖంలో చెక్కిలి నున్నగా, విశాలంగా ఉంటుంది కాబట్టి సంచుల్లో నాణేలు ఒకదానికొకటి తగిలిన గాట్లు అక్కడే కొట్టొచ్చినట్టు కనబడతాయి. చెవి మీది జుట్టు, వెనుకవైపు గద్ద రొమ్ము ముందుగా అరుగుతాయి. ఈ గుర్తులన్నీ చదివి కంఠస్థం చేసినవాడు కూడా ఎదుట ఉన్న నాణెం 64 అవుతుందో 65 అవుతుందో చెప్పలేడు. కొన్ని సంవత్సరాల నాణేల విషయంలో ఆ ఒక్క అంకె ధరను కొన్ని రెట్లు మారుస్తుంది.

భర్తృహరి వాక్యపదీయంలోని బ్రహ్మకాండలో మణులను, నాణేలను గుర్తించే నేర్పు అభ్యాసం వల్ల మాత్రమే కలుగుతుందని, నేర్పరులు దానిని ఇతరులకు విడమరచి చెప్పలేరని, అది అనుమానప్రమాణానికి, అంటే గుర్తులను బట్టి తర్కించి తేల్చుకునే జ్ఞానానికి, చెందినది కాదని అన్నాడు. బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో సంజ్ఞ, విజ్ఞానం, ప్రజ్ఞ అనే మూడింటి తారతమ్యం చూపడానికి ఒకే నాణేల కుప్పను బాలునికి, పల్లెటూరివానికి, షరాబుకు చూపిస్తాడు. బాలుడు రంగును, ఆకారాన్ని చూస్తాడు; పల్లెటూరివాడు అది సుఖసాధనమైన ధనమని కూడా ఎరుగుతాడు; షరాబు కంటితో చూసి, మోగించి, వాసన పట్టి, రుచి చూసి, చేతిలో తూచి, ఏది మేలిదో ఏది నకిలీదో చెబుతాడు. ఈ మూడవవాని జ్ఞానం మాటల్లోకి పూర్తిగా దిగదు గనుక, అతడు ఇవ్వగలిగినది తీర్పే గాని కారణం కాదు. తీర్పు పుచ్చుకున్న సేకర్త స్లాబ్‌లో బిగించిన నాణేన్ని మోగించలేడు, తూచలేడు, తాకనైనా తాకలేడు; అతనికి మిగిలింది చూపు ఒక్కటే, ఆ చూపు కూడా చీటీ మీది అంకె మీదికే ముందు పోతుంది. ఇది చిన్న నష్టం కాదు.

మరి ఆ తీర్పును నమ్మడానికి ఆధారమేమిటి? జ్ఞానం తనంతట తానే ప్రమాణమని, బాధకం, అంటే దానిని కాదనే మరొక జ్ఞానం, కనబడినప్పుడే దానిని విడవాలని మీమాంసకులు అన్నారు. దీనికి స్వతఃప్రామాణ్యమని పేరు. మరొక జ్ఞానం వచ్చి ధ్రువపరచాలన్నది నైయాయికుల పరతఃప్రామాణ్యం. రెండవదానికి ఎదురయ్యే దోషం అనవస్థ, అంటే ధ్రువపరచేదానిని మరొకటి ధ్రువపరచవలసివచ్చి, ఆ వరుసకు అంతు లేకపోవడం. నాణేల లోకం ఈ దోషాన్ని కళ్లకు కట్టింది. సంస్థ వేసిన అంకె సరిగా ఉందో లేదో చూసి స్లాబ్ మీద మరొక గుర్తు అంటించే సి.ఎ.సి. అనే సంస్థ 2007లో పుట్టింది. ఎక్కువ అంకె వస్తుందన్న ఆశతో స్లాబ్ పగలగొట్టి అదే నాణేన్ని మళ్లీ పంపేవారున్నారు. స్లాబ్‌లకే నకిలీలు పుట్టాయి. మూడు నాలుగు జ్ఞానాలకు మించి వెతకనక్కరలేదన్న కుమారిలభట్టు మాట ఇక్కడ వివేకవంతంగా తోస్తుంది. నైయాయికులు చూపిన మరొక దారి, అంటే ఒక జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలిస్తే ఆ జ్ఞానం నిజమని గ్రహించడం, నాణేల విషయంలో పనికిరాదు. నీరని నమ్మి వెళ్లినవాని దాహం తీరితే అది నీరేనని తేలుతుంది. 65 అని రాసిన నాణెం 65 ధరకు అమ్ముడుపోతే కొన్నవాడు చీటీని నమ్మాడని మాత్రమే తేలుతుంది, నాణెం సంగతి తేలదు.

వాత్స్యాయనుడు ఆప్తునికి మూడు గుణాలు చెప్పాడు: వస్తుధర్మాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండడం, భూతదయ, ఎరిగినదానిని ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక. నాణెం ఎవరిదో తెలియకుండా, ఒకరికి మించి గ్రేడర్లు చూసే ఏర్పాటు వల్ల మొదటి, మూడవ గుణాలకు కొంత కాపుదల ఉంది. దయకు అక్కడ చోటు లేదు. దూరాన ఉన్న సంస్థకు నాణెమే తెలుసు, మనిషి తెలియడు. ఆ గుణాన్ని పరీక్షించగలిగిన చోటు స్థానిక వర్తకుని బల్ల. అతడు ఈ వరుసలో ఉత్త మధ్యవర్తి, అంటే మాట మోసేవాడే గాని మాట చెప్పేవాడు కాదు అనుకోవడం పొరబాటు. పంపడం వల్ల అతనికి ఆదాయముంది. కొన్ని నాణేలను తానే తక్కువకు కొనే అవకాశముంది. రాగద్వేషాలకు ఇన్ని సందులున్న స్థానం మరొకటి లేదు. అటువంటివాడు తుడిచిన డాలరును దీపం కింద వంచి, చెక్కిలి మీద ఒకే దిక్కుకు సాగిన గీతలను సేకర్త కంటికి చూపించి, ఇది అంకె లేకుండా, శుభ్రం చేసిన నాణెమన్న చీటీతో తిరిగి వస్తుంది, రుసుము దండగ, పంపవద్దు అని చెబితే ఆ మాటలో మూడు గుణాలూ ఉన్నాయి. పైగా అప్పటివరకు శబ్దంగా ఉండవలసినది కొంతమేరకు సేకర్తకే ప్రత్యక్షమయింది. మరుసటి నాణేన్ని అతడు కొంచెం మెరుగైన కన్నుతో చూస్తాడు.

వర్తకుడు ఖాతాదారును నిలుపుకోవడానికే అలా చెప్పాడని, అది దయ కాదు గదా అని ఆక్షేపించవచ్చు. లాభం మీది కోరిక ఉన్నంతమాత్రాన ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న కోరిక లేదని అర్థం కాదు. రెండూ ఎదురుబొదురుగా నిలిచినప్పుడు ఏది నెగ్గిందన్నదే ప్రశ్న, ఆ రోజు వదులుకున్న రుసుము దానికి జవాబు.