కాపలా మానిన కుక్కకు అన్నం పెట్టాలా?

మా దొడ్డి ఊరి చివర ఉంది. అర ఎకరం కన్నా కాస్త తక్కువ. నాలుగు కొబ్బరి చెట్లు, ఒక కుంకుడు చెట్టు, గట్టు మీద కానుగలు. డజను నాటుకోళ్లు, రెండు తేనె పెట్టెలు, ఒక కుక్క. కుక్కను ముచ్చటకు తెచ్చుకోలేదు. ఒక్క వర్షాకాలంలో ముంగిసలు తొమ్మిది కోడిపిల్లలను ఎత్తుకుపోయాక కాపలాకు తెచ్చాము. పదకొండేళ్లు కాసింది. ఇప్పుడు దాని కళ్లు మసకబారాయి. ముంగిస పక్కనుంచే పోయినా తల ఎత్తదు. మొన్న జుమా నమాజు తర్వాత ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన దాన్ని చూసి, "కాపలాకైతే కుక్కను ఉంచుకోవచ్చు. ఇది కాపలా కాయడం లేదు కదా! పక్క ఊళ్లో వదిలేసి రండి" అన్నారు.

ఆయన మాట కొట్టిపారేయదగింది కాదు. వేటకు, పశువుల మందకు, పంటకు తప్ప కుక్కను పెంచేవారి పుణ్యఫలంలో ప్రతిరోజూ కొంత తరిగిపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు ప్రవేశించరన్న హదీసు కూడా మనకు తెలిసిందే. అవసరం ఉన్నంతవరకే అనుమతి అయినప్పుడు, అవసరం తీరిన మరునాడు ఆ జీవి మనకు ఏమవుతుంది? దాని పట్ల మన బాధ్యత కూడా ఆ రోజుతోనే తీరిపోతుందా?

దీనికి జవాబు వెతకాలంటే, అసలు దొడ్డిలో ఉన్న జీవాలు ఎంతవరకు మనవో ముందు చూడాలి.

తేనెటీగనే తీసుకుందాం. దాని పేరుతోనే ఒక సూరా ఉంది. కొండల్లో, చెట్లలో, మనుషులు కట్టే కట్టడాల్లో ఇళ్లు చేసుకోమని అల్లాహ్ తేనెటీగకు ఆదేశించినట్లు ఆ సూరా తెలుపుతుంది. మా దొడ్డిలోని పెట్టె ఈ మూడో రకం కిందికి వస్తుంది. పెట్టెను వడ్రంగి చేశాడు, డబ్బు మేము ఇచ్చాము. అందులో కాపురం పెట్టమన్న ఆదేశం మాత్రం మాది కాదు. మన నాటు తేనెటీగకు ఈ సంగతి బాగా తెలుసు. నచ్చకపోతే రాణితో సహా అన్నీ లేచిపోతాయి. గేదెను కట్టినట్లు దాన్ని కట్టలేము.

పెట్టెకు రెండు అరలు ఉంటాయి. కింది అరలో గుడ్లు, పిల్ల పురుగులు, వాటి తిండి. పై అరలో మిగులు తేనె. మనం తీసుకోవలసింది పై అరలోదే. ఇది కొత్తగా వచ్చిన నియమమనుకుంటాం. కాని 1277లో మరణించిన ఇమామ్ నవవీ వంటి ధర్మవేత్తలు ఆనాడే రాశారు, తేనె తీసేవాడు ఈగలకు అవసరమైనంత పట్టులో ఉంచాలని, చలికాలంలో ఈగలు బయటికి పోలేనప్పుడు ఇంకా ఎక్కువ వదలాలని. ఒక పనిచేసే ఈగ తన జన్మంతా తిరిగితే, అదీ పని ముమ్మరంగా ఉండే రోజుల్లో ఐదారు వారాలే, ఒక టీ చెంచాలో పన్నెండో వంతు తేనె తయారవుతుందంటారు. మనం రొట్టె మీద వేసుకునేది ఎన్ని ప్రాణాల కష్టమో లెక్క కట్టుకోవచ్చు.

ఒక ఏడాది మేము ఆశపడ్డాము. కింది అర పట్లను కూడా పిండుకున్నాము. ఆ వెంటనే ముసురు పట్టింది. ఈగలు బయటికి పోలేవు, లోపల తిండి లేదు. చక్కెర పాకం పెట్టాలన్న ఆలోచన మాకు వచ్చేసరికి పెట్టె ఖాళీ. దొంగతనం చేసినవాడికి కలిగే సిగ్గు లాంటిది కలిగింది. ఎవరి సొమ్ము దొంగిలించామో అప్పుడు గాని అర్థం కాలేదు.

కోడి సంగతి వేరు. అది మనకు ధర్మసమ్మతమైన ఆహారం. దైవప్రవక్త (స) కోడిమాంసం తినగా తాము చూశామని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) చెప్పారు. కాబట్టి కోయడం తప్పా అన్న చర్చ మనకు లేదు. ఎలా పెంచాం, ఎలా మోశాం, ఎలా కోశాం అన్నదే చర్చ. సంతనుంచి కోళ్లను కాళ్లు కట్టి, సైకిల్ హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసుకుని వస్తాం. దుకాణంలో ఒకదాని కళ్లముందే ఇంకొకదాన్ని కోసి, ప్రాణం పూర్తిగా పోకముందే డ్రమ్ములో పడేస్తుంటే చూస్తూ నిలబడతాం. బిస్మిల్లా చెప్పారా లేదా అని మాత్రం గట్టిగా విచారిస్తాం. అది విచారించవలసిందే. కాని కత్తికి పదును పెట్టమని, జిబహ్ చేసే జీవికి బాధ తగ్గించమని ఆదేశించింది కూడా ఆ ప్రవక్తే (స) కదా! కొందరు కుర్రాళ్లు కోడిని కట్టేసి బాణాలకు గురి పెట్టడం చూసి, ఇలాంటి పని చేసేవారిని ప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) చెప్పారు. తినడానికి అనుమతి ఉన్న జీవిని ఆటకు చంపే అనుమతి లేదన్నమాట.

కోస్తాలో సంక్రాంతికి ముందు ఈ పరీక్ష మన ఇళ్లకూ వస్తుంది. మా దగ్గర ఒక డేగ పుంజు ఉండేది. కూరకు అమ్మితే వచ్చే దానికి ఎన్నో రెట్లు ఇస్తామని ఇద్దరు వచ్చారు. కాలికి కత్తి కట్టడానికని వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రాత్రి ఇంట్లో వాదన జరిగింది. ఆ నెల ఫీజులు కట్టవలసి ఉంది. చివరికి అమ్మలేదు. మహా త్యాగమని చెప్పుకోవడానికి లేదు, ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోకపోతే అమ్మి ఉండేవాళ్లమే.

గుడ్లు పెట్టడం మానిన కోడి పళ్లెంలోకి వస్తుంది. దాని లెక్క అక్కడితో ముగుస్తుంది. కుక్కకు ఆ దారి లేదు. అందుకే మన మనసు ఎటువంటిదో కుక్క దగ్గరే బయటపడుతుంది.

కుక్క నోరు పెట్టిన పాత్రను ఏడుసార్లు కడగమన్నారు. అది పాత్రకు సంబంధించిన ఆదేశం. దాన్ని పట్టుకుని కుక్క కనిపిస్తే రాయి విసరడం మతనిష్ఠ అనుకునేవారు మనలో ఉన్నారు. శిక్షణ పొందిన వేటజంతువు పట్టి తెచ్చింది తినవచ్చని దివ్యఖుర్ఆన్ అనుమతించింది. గుహవాసుల గాథలో గడప దగ్గర ముందుకాళ్లు చాచుకుని పడుకున్న కుక్కను ప్రస్తావించింది. గడప దగ్గర అన్న మాట గమనించండి. దాని చోటు అది. నట్టింట్లో కాదు, ఊరి పొలిమేర అవతలా కాదు.

బంధువు గారు ఇంకో వాదన కూడా తెచ్చారు. పిల్లిని బంధించి చంపినందుకు నరకం పాలైన స్త్రీ హదీసును గుర్తుచేసి, "ఆమె తిండి పెట్టలేదు, నేలమీది పురుగూ పుట్రా తినడానికి వదలనూ లేదు. అంటే వదిలేస్తే సరిపోయేది" అన్నారు. నిజమే, అక్కడ రెండు దారులు ఉన్నాయి. కాని వదలడమంటే తన తిండి తాను వెతుక్కోగల జీవిని వదలడం. పళ్లు ఊడి, చూపు పోయిన దాన్ని కొత్త ఊళ్లో దింపి రావడం కట్టేసి మాడ్చడానికి ఇంకో పద్ధతి. పైగా ఆ ఊరి కుక్కలు దాన్ని బతకనిస్తాయా? 1262లో మరణించిన ఇజ్జుద్దీన్ ఇబ్ను అబ్దుస్సలామ్ మనిషి మీద జంతువులకున్న హక్కులను వరుసగా రాశారు. ముసలిదై, జబ్బుపడి, ఇక ఏ లాభమూ రాని స్థితిలో ఉన్నా దాని మీద ఖర్చు పెట్టాలన్నారు. దాన్ని గాయపరిచే జంతువులతో కలిపి ఉంచకూడదనీ అన్నారు. ఈ రెండో మాట పక్క ఊరి ఆలోచనకు సరిగ్గా సరిపోతుంది.

దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, మేజోడులో నీళ్లు తెచ్చి తాగించిన మనిషి పాపాలను అల్లాహ్ క్షమించాడన్న హదీసు మన పిల్లలకు కూడా వచ్చు. ఆ కుక్క ఆయన మందను కాయలేదు. ఆయనకు ఏ విధంగానూ పనికి రాలేదు. దారిన పోయే కుక్కకు ఇచ్చిన నీళ్లకే అంత ప్రతిఫలం ఉంటే, పదకొండేళ్లు మన గుమ్మం కాచిన దాన్ని తరిమినందుకు ఏమని జవాబు చెప్పగలం? అవసరం లేకుండా కుక్కను పెంచవద్దన్న హెచ్చరిక కొత్తగా తెచ్చుకోబోయేవాడి చేతిని ఆపాలి. అవసరానికి తెచ్చుకుని వాడుకున్నవాడికి అది బాకీ ఎగ్గొట్టే సాకు కారాదని మా అభిప్రాయం.

కోళ్లకు కాపలా కావాలి గనుక ఒక చిన్న కుక్కను తెచ్చాము. రేబిస్ టీకా వేయించాము, అది ఇరుగుపొరుగు హక్కు. ముసలిదానికి కుంకుడు చెట్టు కింద గోనెపట్టా, వంటింటి గిన్నెలతో కలవని ఒక మట్టిమూకుడు. నమలలేదు కాబట్టి అన్నం గంజిలో మెత్తగా పిసికి పెట్టాలి. అస్ర్ నమాజు తర్వాత ఆ పని పిల్లలది. బంధువు గారు వెళ్లేముందు చాలాసేపు ఆ చెట్టు వైపు చూశారు గాని, మళ్లీ ఏమీ అనలేదు.