మూడవ అధ్యాయము, పదహారవ వచనము



ఒకప్పుడు మన పిల్లలు టీవీలో చూచిన అమెరికా మల్లుడు స్టీవ్ ఆస్టిన్ సంగతి ఆలోచింతము. 1995లో దండచేయి గాయపడి ఇంట నుండగా, కంపెనీవారు ఫోనులోనే అతని పని తీసివేసిరి. మరుసటి యేట డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. వారిచ్చిన "రింగ్‌మాస్టర్" వేషము జనులకు పట్టలేదు. 1996 జూన్ 23న మిల్వాకీలో పెదవి చిట్లి, కుట్లు వేయించుకొని, మరల దిగి, బైబిలు మాటలు చెప్పు వేషముతో వచ్చిన జేక్ రాబర్ట్స్‌ను ఓడించెను. (ఆ కుస్తీలలో గెలుపు ముందే నిర్ణయమై యుండును, కుట్లు మాత్రము నిజమే.) వెంటనే యోహాను 3:16ను ఎగతాళి చేసి, ఆ అంకెలకు తన పేరు తగిలించుకొనెను. ఆ మాట అచ్చువేసిన చొక్కాలు విస్తారముగా అమ్ముడుపోయెను. 1998 మార్చిలో అతడు ఛాంపియన్ ఆయెను.

పడినవాడు లేచుట మనకు సంతోషమే. పని పోయిన యింటి బాధ, పొట్టకూటికి ఊరు విడిచి వచ్చిన మనవారికి తెలియనిదా? అయితే యోహాను వ్రాసిన 3:16లో గెలిచినవాడు ఓడినవాని మీద నిలిచి నవ్వుట లేదు, ఇచ్చుట యున్నది. అది జేక్ కొరకును, ఆస్టిన్ కొరకును కూడ.

ఈ ఆదివారము సండేస్కూలులో "3:16 ఎవరిది?" అని అడిగి చూడుడి.