మంచి మాట కూడా సేవే



కందక యుద్ధం (హిజ్రీ 5)లో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. దగ్గరుండి పరామర్శించడానికే ఆ ఏర్పాటు. క్షతగాత్రులకు సేవ చేసిన హజ్రత్ రుఫైదా (రజి) పేరు చరిత్రలో నిలిచిపోయింది.

మరి మన సంగతేమిటి? మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే, 2005లో మొదలైన 108 వాహనాన్ని పిలుస్తాం. ఒక్కోసారి ఒంగోలు దాకా వెళ్ళాల్సి వస్తుంది. అక్కడ మన నానీమా ఉర్దూలో చెప్పుకునే బాధ నర్సుకు అర్థం కాదు. నర్సు తెలుగులో అడిగేది నానీమాకు తెలియదు. ఆ ఇద్దరి మధ్య మనం నిలబడాలి. నొప్పి ఎప్పుడు మొదలైంది, షుగరు ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు - ఉన్నది ఉన్నట్లు చెప్పడం అమానత్. సిగ్గుపడి దాచితే ప్రాణానికే ముప్పు.

వెనుక వచ్చినవారిని ముందు చూశారని కేకలు వేయరాదు. ప్రమాదం ఎక్కువున్నవారికే అత్యవసర విభాగంలో మొదటి స్థానం. వైద్య సిబ్బందికీ మా విన్నపం: ఏం చేయబోతున్నారో రోగికి రెండు ముక్కల్లో చెప్పండి. మంచి మాట కూడా సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు కదా!

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.